నిద్రమాత్ర: వాడవలసిన తీరు, మానవలసిన తీరు

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నది మన సామెత. అలసిన ఒంటికి మెత్తని పరుపుతో పనిలేదని దాని భావం. అయితే నగర జీవనంలో ఈ మాట అన్నివేళలా నిజం కావడం లేదు. భివండిలో సాంచెల మీద రాత్రి పాళీ ముగించి తెల్లవారి ఇల్లు చేరిన కార్మికునికి, షోలాపురంలో పగలంతా బీడీలు చుట్టి నడుము వాల్చిన గృహిణికి, ముంబయి చాల్‌లో ఒంటరిగా ఉంటున్న వృద్ధునికి ఒళ్లు అలసినా కన్ను మూతపడని స్థితి ఎదురవుతున్నది. అట్టి సమయంలో మనసు నిద్రమాత్ర మీదికి పోవడం సహజం. వైద్యుడు వ్రాసిన మోతాదులో, వ్రాసినంత కాలమే వాడితే అది మేలు చేస్తుంది. పొరుగువారి వద్ద అడిగి తెచ్చుకున్నా, ఏళ్ల తరబడి అలవాటుగా వాడినా అదే మాత్ర కీడు చేస్తుంది. ఈ తేడాను వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. మాత్రకు ముందు తెలుసుకోవలసినది

ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం రోగం కాదు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలపాటు అదే స్థితి కొనసాగి, పగటి పనికి ఆటంకం కలిగితే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దీనికి వేరే కారణం ఉండవచ్చు. థైరాయిడ్ వ్యాధి, కీళ్ల నొప్పులు, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవవలసి రావడం, మనోవేదన, సాయంత్రం తర్వాత త్రాగే టీ వంటివన్నీ నిద్రను చెరుపుతాయి. బిగ్గరగా గురకపెడుతూ నడుమ ఊపిరి ఆగినట్లయ్యేవారు ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. అట్టివారికి కొన్ని నిద్రమాత్రలు శ్వాసను మరింత మందగింపజేస్తాయి.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, అలవాట్లను సరిదిద్దే ప్రవర్తనా చికిత్స. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో ఇదే మాటను స్పష్టంగా సిఫారసు చేసింది. దాని సారాంశం ఇది: ప్రతిదినం ఒకే వేళకు లేవాలి. పడక మీద నిద్ర తప్ప ఫోను చూడడం, లెక్కలు వేసుకోవడం కూడదు. సుమారు ఇరవై నిమిషాలలో నిద్ర రాకుంటే పడక విడిచి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చినపుడే తిరిగి పడుకోవాలి. ఒకే గది ఉన్న ఇంట వేరే చోటు ఉండదు గనుక పడక చుట్టిపెట్టి ఒక మూల చాప మీద కూర్చున్నా చాలు. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, కాని మాత్ర వలె మానగానే ఆ మేలు మాయం కాదు.

2. చీటీని, స్ట్రిప్‌ను చదివే తీరు

మందుల చీటీ ఆంగ్ల అక్షరాలలో ఉంటుంది గనుక చాలామంది దానిని దుకాణదారునికి అప్పగించి ఊరుకుంటారు. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. ‘ఓడీ’ అంటే దినానికి ఒకసారి. ‘బీడీ’ అంటే దినానికి రెండుసార్లు. ‘ఎచ్‌ఎస్’ అంటే పడుకునే వేళ. ‘ఎస్ఓఎస్’ అంటే అవసరమైనపుడు మాత్రమే. ప్రతిరాత్రి అని దాని అర్థం కాదు. మాత్ర పేరు చివర ‘ఎస్ఆర్’, ‘ఎక్స్ఆర్’, ‘సీఆర్’ అని ఉంటే అది మెల్లగా కరిగే మాత్ర. దానిని నమలరాదు, పొడి చేయరాదు.

స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరుతోపాటు మందు అసలు పేరు కూడా ముద్రిస్తారు. చూడవలసినది ఆ అసలు పేరునే. ఆల్ప్రాక్స్, రెస్టిల్ అన్నవి రెండు వేర్వేరు మందులు కావు. రెండింటిలోనూ ఉన్నది ఆల్ప్రాజోలమే. ఒక వైద్యుడు ఒక పేరుతోను, మరొక వైద్యుడు ఇంకొక పేరుతోను వ్రాసినపుడు రెండూ మింగితే మోతాదు రెట్టింపవుతుంది. కాబట్టి ఏ వైద్యుని వద్దకు వెళ్లినా పాత స్ట్రిప్‌లు వెంట తీసుకుపోవాలి.

చీటీ లేనిదే ఇవ్వనని దుకాణదారుడు చెబితే, భాష రానివారమని చిన్నచూపు చూస్తున్నాడని భావించనవసరం లేదు. ఆల్ప్రాజోలం, డయాజిపాం, జోల్పిడెం మొదలైనవి ఔషధ నియమావళిలోని ‘ఎచ్1’ షెడ్యూలుకు చెందినవి. ఈ షెడ్యూలు 2014 మార్చి నుండి అమలులో ఉన్నది. ఈ మందులను అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు, ఇచ్చిన పరిమాణం ఒక పుస్తకంలో వ్రాసి మూడేళ్లు భద్రపరచాలన్నది చట్టం.

3. మాత్ర వేసుకునే రాత్రి

మాత్ర వేసుకున్న వెంటనే పడుకోవాలి. వంట, ఇంటి పని ముగించుకుని, తర్వాత ఏడెనిమిది గంటలు నిద్రకు వీలున్నపుడే వేసుకోవాలి. రాత్రి పాళీ చేసేవారు పగటి నిద్రకు ఎంత వ్యవధి దొరుకుతుందో వైద్యునికి ముందే చెప్పాలి. మాత్ర పని చేయలేదని అర్ధరాత్రి రెండవది మింగరాదు.

మద్యం, కల్లు, నిద్రమాత్ర ఒకే రాత్రి కలవకూడదు. రెండూ మెదడును మందగింపజేసేవే. కలిస్తే శ్వాస ఆగిపోయే అపాయముంది. ట్రామడాల్, కోడీన్ వంటి నొప్పి, దగ్గు మందులతోనూ ఇదే ప్రమాదం. తామరకు వాడే ఇట్రాకోనజోల్ మాత్రలు ఆల్ప్రాజోలంను శరీరంలో పేరుకుపోయేట్లు చేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇందుకు విరుద్ధంగా అనేక నిద్రమాత్రల బలాన్ని తగ్గిస్తుంది. పని చేయడం లేదని మోతాదు పెంచుకున్నవారు క్షయ మందు ముగిశాక చిక్కులో పడతారు. అందువలన వాడుతున్న మందులన్నిటినీ, నాటుమందులతో సహా, వైద్యునికి చెప్పాలి.

మరునాటి ఉదయం కూడా మాత్ర ప్రభావం మిగిలి ఉండవచ్చు. డయాజిపాం శరీరంలో దినాల తరబడి నిలుస్తుంది. జోల్పిడెం త్వరగా తగ్గేదే అయినా స్త్రీలలో తెల్లవారేసరికి ఎక్కువగా మిగులుతున్నదని గుర్తించి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో వారి మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5కు తగ్గించింది. మత్తు పూర్తిగా వీడనిదే ఆటో, టెంపో నడపరాదు. సాంచె వద్ద నిలువరాదు. జోల్పిడెం వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం కూడా జరిగింది. ఒక్కసారి అట్లా జరిగినా ఆ మాత్రను ఆపి వైద్యుని కలవాలి.

అరవై దాటినవారికి ఈ మాత్రలు మతిమరుపును, తూలుడును కలిగిస్తాయి. రాత్రి మూత్రానికి లేచి, పడి, తుంటి ఎముక విరగడం వారి విషయంలో పెద్ద భయం. మంచం నుండి మరుగుదొడ్డి వరకు దీపం ఉంచడం, దారిలో సామాను తీసివేయడం ఇంటివారి బాధ్యత. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ వ్యాధి, ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

4. మానే తీరు

నిద్రలేమికి ఆల్ప్రాజోలం జాతి మాత్రలను సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడరాదని వైద్యుల మాట. అంతకు మించితే పాత మోతాదు చాలకపోవడం, మాత్ర లేనిదే నిద్ర రాకపోవడం మొదలవుతాయి. అట్లని నెలల తరబడి వాడినదానిని ఒక్కసారిగా మానడం అంతకంటె ప్రమాదం. చేతుల వణుకు, చెమటలు, భ్రమలు, చివరకు ఫిట్స్ రావచ్చు.

పాలమూరు, ఇందూరు వైపు వారికి ఇది తెలియని సంగతి కాదు. అక్కడి కొన్ని ఊళ్లలో కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం కలిపి అమ్మేవారు. అధికారుల దాడులతో ఆ కల్తీ కల్లు దొరకకుండా పోయినపుడు, దానికి అలవాటుపడినవారు వింతచేష్టలతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. ఎవరికీ తెలియకుండా శరీరంలో చేరిన మందే ఒక్కసారిగా ఆగినపుడు అంత పని చేసింది. పండుగకు ఊరికి పోతూ మాత్రలు మరచినవారికీ అదే ముప్పు ఉంది. ప్రయాణానికి ముందు చీటీని, సరిపడా మాత్రలను సంచిలో పెట్టుకోవాలి. ఊరిలో కల్తీ కల్లు దొరికే చోట, ఈ మాత్రలు వాడేవారు కల్లు జోలికే పోరాదు.

మానదలచినవారు వైద్యుని పర్యవేక్షణలో రెండు నుండి నాలుగు వారాలకొకసారి ఐదు లేక పది శాతం చొప్పున తగ్గించుకుంటూ పోతారు. నెలలు పట్టవచ్చు. నడుమ కొన్ని రాత్రులు నిద్ర చెడినా అది రోగం తిరగబెట్టడం కాదు, శరీరం సర్దుకోవడం.

5. ఆపద వేళ

మాత్రలను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. ఇంట ఎవరైనా తీవ్ర నిరాశలో ఉంటే మాత్రలను మరొకరు దాచి, ఏ రాత్రికారాత్రి ఇవ్వడం మేలు. ఎక్కువ మాత్రలు మింగినవారు పిలిచినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, పెదవులు నీలిబడితే వెంటనే 108కి ఫోను చేయాలి. వాంతి చేయించరాదు, ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, స్ట్రిప్‌ను ఆసుపత్రికి తీసుకుపోవాలి. మనోవేదనతో నిద్ర పట్టనివారు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు

ఈ మాత్ర ఎన్ని దినాలు వేసుకోవాలి? ఎప్పుడు, ఎట్లా మానాలి? నేను వాడే ఇతర మందులతో దీనికి పొత్తు కుదురుతుందా? మరునాడు బండి నడపవచ్చునా?

వైద్యునికి తెలుగు రాకపోతే మొదటి ప్రశ్నను మరాఠీలో ‘హీ ఝోపేచీ గోళీ కితీ దివస్ ఘ్యాయ్‌చీ?’ అని, హిందీలో ‘యే నీంద్ కీ గోలీ కిత్నే దిన్ లేనీ హై?’ అని అడుగవచ్చు. జవాబును అక్కడే చీటీ మీద తెలుగులో వ్రాసుకోవాలి. ఆ ఒక్క పంక్తి లేని చీటీ అసంపూర్ణమని తలచండి.