ముక్కూమొహం తెలియని నలుగురు ఒక జట్టు ఎట్లా అవుతారు?

తుపాకులతో కాల్చుకునే ఫోన్ ఆటల మీద హాస్టల్ వార్షికోత్సవ సంచికలో వ్యాసమా అని వార్డెన్ సార్లు, ఇక్కడ చదువుకుని వెళ్లిన అన్నలు ఆశ్చర్యపోవచ్చు. ఈ ఆటలు మంచివా, చెడ్డవా అనే వాదనలోకి మేము పోవడం లేదు. ఒక్క మ్యాచ్ అని కూర్చుంటే తెల్లవారుతుందని పెద్దలు అనే మాటలో నిజం ఉంది. మేము చర్చించదలచుకున్నది వేరు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఊరు తెలియదు, ఒక్కోసారి భాష కూడా తెలియదు. అటువంటి నలుగురు అరగంట సేపు ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డం పడి ఆడతారు. ఆట ముగియగానే ఎవరి దారిన వారు పోతారు. ఇది ఎట్లా సాధ్యమవుతున్నది?

ముందుగా కొంచెం చరిత్ర. ఈ తరహా జట్టు ఆటల్లో పేరుపొందినది కౌంటర్ స్ట్రైక్. 1999లో హాఫ్ లైఫ్ అనే మరో ఆటకు మార్పుగా పుట్టి, 2000లో సొంతంగా అమ్మకానికి వచ్చింది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లలో దోస్తులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని అరుచుకుంటూ ఆడేవారు. మన కాగజ్‌నగర్ వంటి ఊళ్లలో మా ఈడు వాళ్లకు ఈ ఆట రుచి చూపింది మాత్రం ఫోనే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం దానిని నిషేధించింది. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చి, 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి పోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది.

ఆట తెలియని వారికి రెండు మాటలు. విమానంలో నుంచి 100 మంది ఒక దీవి మీద దూకుతారు. ఎరాంగెల్ అనే మ్యాపు 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. నలుగురేసి స్క్వాడ్. ఆయుధాలు, మందులు ఇళ్లల్లో వెతుక్కోవాలి. చుట్టూ వలయం దగ్గరికి వస్తుంటుంది. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్లు. జట్టుకు దోస్తులు దొరకకపోతే, కంప్యూటరే ఎవరో ముగ్గురిని తెచ్చి జత చేస్తుంది. వీరినే మనవాళ్లు 'రాండమ్ ప్లేయర్లు' అంటారు. మా అధ్యయనమంతా వీరి గురించే.

మొదటి సమస్య ఎక్కడ దూకాలన్నది. పీజీలో ఆర్థికశాస్త్రం చదివేటప్పుడు థామస్ షెల్లింగ్ అనే ఆయన గురించి తెలుసుకున్నాము. 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన వారిలో ఆయన ఒకరు. 1960లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఒక ప్రశ్న చర్చించాడు. న్యూయార్క్‌లో మీరు ఒక మనిషిని కలవాలి, చోటు అనుకోలేదు, మాట్లాడుకునే వీలు లేదు, ఎక్కడికి పోతారు? ఎక్కువ మంది గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ అన్నారు. సమయం దాదాపు అందరూ మధ్యాహ్నం 12 గంటలే అన్నారు. మన ఊళ్లో అడిగినా సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్ అనే చెప్తాము కదా! ఆటలో ఆ స్టేషన్ వంటిది పోచింకి. దీవి నడుమ ఉన్న ఊరు. ఎవరూ నోరు విప్పకపోతే సగం సార్లు వేళ్లన్నీ అటే పోతాయి. అదే చిక్కు కూడా, ఎందుకంటే శత్రువుల వేళ్లూ అటే పోతాయి.

రెండవది దిక్కుల సమస్య. కొత్తగా ఆడేవాడు 'లెఫ్ట్‌లో ఉన్నాడు, లెఫ్ట్‌లో ఉన్నాడు' అని అరుస్తాడు. ఎవరి లెఫ్టు? నలుగురు నాలుగు వైపులకు తిరిగి ఉంటే నాలుగు లెఫ్టులు. అందుకే తెరపైన దిక్సూచి పట్టీ పెట్టారు. '240లో ఒకడు, చెట్టు వెనుక' అంటే నలుగురికీ ఒకటే అర్థం. నీ దృష్టి నుంచి కాక, నలుగురికీ ఉమ్మడిగా ఉన్న కొలత నుంచి మాట్లాడటం అన్నమాట. మా అభిప్రాయంలో ఈ ఆటలు నేర్పే వాటిలో ఇదే పెద్ద విద్య. తుపాకీ గురి దాని తరువాతే.

పంపకాల సంగతీ ఇటువంటిదే. ఏకేఎంకు 7.62 తూటాలు కావాలి, ఎం416కు 5.56 తూటాలు కావాలి. నలుగురూ ఒకే తుపాకీ పట్టుకుంటే తూటాలకు కరువు. ముందే తలా ఒక రకం పంచుకున్న జట్టులో ఎవరి తూటాలు వారివి, తగువు ఉండదు.

ఇక అసలు ప్రశ్న. దెబ్బ తిని పడిపోయిన వాడిని లేపాలంటే (రివైవ్ అంటారు) సుమారు 10 సెకన్లు పక్కన కూర్చోవాలి. ఆ సమయంలో లేపేవాడు కాల్చలేడు, పారిపోలేడు. మళ్లీ జన్మలో కలవని మనిషి కోసం అంత ముప్పు ఎందుకు? రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే పండితుడు 1980 ప్రాంతంలో కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీలు పెట్టి, సహకారం నిలవాలంటే 'భవిష్యత్తు నీడ' ఉండాలని చెప్పాడు. అంటే రేపు మళ్లీ కలుస్తామన్న ఎరుక. రాండమ్ ప్లేయర్లకు ఆ రేపు లేదు. అందుకే తాను పడిపోగానే ఆట వదిలి పోయేవాళ్లు, తోటివాడి లూట్ ఎత్తుకుపోయేవాళ్లు ఉంటారు. అట్లాంటి వారికి మెరిట్ పాయింట్లు కోసి, ఆ నీడను ఆట తయారుచేసిన వాళ్లే కల్పించారు. కానీ ఎక్కువ మంది లేపేది పాయింట్ల భయంతో కాదు. ముగ్గురి కంటే నలుగురు మిగిలితే తనకే మేలని తెలుసు. స్నేహం లేకున్నా లాభం ఒకటైతే చేయి కలుస్తుంది.

భాష సంగతికి వద్దాం. 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్ అనే ఆటలో ముగ్గురేసి జట్టు. ఒక్క మీట నొక్కితే శత్రువునో, ఆయుధాన్నో, పోవలసిన చోటునో తోటివారికి గుర్తుపెట్టి చూపవచ్చు. మైకు లేని వాళ్లు కూడా చక్కగా కలిసి ఆడవచ్చని అది రుజువు చేసింది. మన ఊరి వాళ్లకు ఇది కొత్త కాదు. పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన ఊరు మనది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, నజ్రుల్‌నగర్ వైపు బెంగాలీ, పల్లెల్లో గోండి. బజారులో పది మాటల హిందీతో రోజంతా గడిపేస్తాము. 'పీఛే', 'రుకో', 'కవర్ దో' అనే మూడు మాటలతో మావాళ్లు ఎక్కడెక్కడి వాళ్లతోనో ఆడారు.

అయితే అందరికీ అంత సులువుగా సాగదు. మాట యాస విని వెక్కిరించేవాళ్లు తగిలారు. గొంతు విన్నారంటే ఏమంటారోనని మైకు మూసుకుని ఆడే చెల్లెళ్లు ఉన్నారు. ఇంకొకటి, మేము ఎక్కువగా చూసినది: ఒకడు కదలకుండా నిలబడిపోతాడు, ముగ్గురూ బూతులు మొదలుపెడతారు. అక్కడ జరిగినది ఏమంటే, వాడిది 2 జీబీ ర్యామ్ ఫోన్, పొగబాంబు పడితే తెర బిగుసుకుపోయింది. లేదా గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ రాని ఊరు వాడిది. అవతలి ముగ్గురికి కనిపించేది కదలని బొమ్మ ఒక్కటే. లాక్‌డౌన్‌లో హాస్టళ్లు మూసి ఊళ్లకు పంపినప్పుడు మనలో ఎందరో ఆ కదలని బొమ్మలే, ఆటలోనూ, ఆన్‌లైన్ క్లాసులోనూ.

దీనికి మావాళ్లు కనిపెట్టిన ఉపాయం చిన్నది. విమానం దిగకముందే చెప్పేయడం: 'నా నెట్ స్లో. ముందుకు రాను. వెనుక ఉండి మందులు మోస్తా, పడితే లేపుతా.' తక్కువేమిటో, చేయగలిగేది ఏమిటో రెండూ ఒకే ఊపిరిలో. ఇట్లా చెప్పిన వాడిని తిట్టిన జట్టును మేము చాలా తక్కువ చూశాము. ఏమీ చెప్పని వాడికే తిట్లన్నీ.

మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. కొత్తవాళ్లున్న గదిలో నోరెట్లా విప్పాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. పీజీలో నలుగురేసి జట్లుగా గ్రామ సర్వే ఇచ్చినప్పుడు, మా జట్టులో తక్కిన ముగ్గురూ కొత్తవాళ్లే. మొదటి రోజే చెప్పాము: 'ఇంగ్లీషులో మాట్లాడటం మాతో కాదు. ఇల్లిల్లూ తిరగడం, లెక్కలు వేయడం మావి.' సెమినార్ రోజు ఇంగ్లీషులో మాట్లాడింది వరంగల్ అమ్మాయి. కూలి రేట్ల పట్టిక మీద సార్లు ప్రశ్నలు వేసినప్పుడు ఆమె మా వైపు చూసింది. తెలుగులోనే జవాబు చెప్పాము, సార్లు రాసుకున్నారు.