గెడ్డ నిండుగా ఉందని టర్బైన్ కొనకండి

కార్తీకం వచ్చినా పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద వాన వదలడం లేదు. గెడ్డలు శ్రావణంలో పారినట్టే పారుతున్నాయి. ఈ నెల నా ఆందోళనంతా ఆ నీటిని చూపించి ఇంటింటికీ టర్బైన్లు అంటగడుతున్న డీలర్ల గురించే. అందుకే ఈసారి పంటల సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో ముగిస్తాను.

లెక్క చాలా చిన్నది. నీరు పడే ఎత్తు మీటర్లలో, సెకనుకు వచ్చే నీరు లీటర్లలో తీసుకుని, రెండింటినీ గుణించి మళ్లీ అయిదుతో గుణించండి. ఇంటి స్థాయి యంత్రం నుంచి నికరంగా చేతికొచ్చే వాట్లు అంతే. ఇరవై మీటర్ల ఎత్తు, ఇప్పుడు సెకనుకు 20 లీటర్ల నీరు ఉంటే 2000 వాట్లు. అదే గెడ్డ మే నెలలో రెండు లీటర్లకు పడిపోతే 200 వాట్లే. డీలరు మీకు అమ్మేది మొదటి అంకె. మీరు వేసవిలో బతకాల్సింది రెండో అంకెతో. 200 వాట్లు తక్కువేమీ కాదు, రాత్రింబవళ్లు తిరిగితే రోజుకు దాదాపు అయిదు యూనిట్లు. ఇంటి దీపాలకు, ఫ్యాన్లకు, టీవీకి అది చాలు. కాకపోతే రెండు కిలోవాట్ల మిషను తెచ్చి బిగిస్తే ఆ 200 కూడా రావు. పదో వంతు నీటితో వచ్చే శక్తి పెద్ద జనరేటరు సొంత నష్టాలకే సరిపోతుంది.

ఎత్తు కొలవడానికి తాపీ మేస్త్రి వాడే నీటి మట్టం గొట్టం చాలు. కంటి అంచనా కొండవాలు మీద ఎప్పుడూ మోసం చేస్తుంది. నీటిని మే నెలలోనే కొలవండి. గెడ్డకు చిన్న అడ్డుకట్ట వేసి, నీరంతా పైపులోంచి డబ్బాలో పడేలా చేసి, నిండడానికి పట్టే సెకన్లు చూడండి.

ఇక ఏ టర్బైన్? మన కొండ గెడ్డల్లో నీరు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఇరవై మీటర్లు, అంతకు పైన ఉంటే పెల్టన్ చక్రమే నా ఎంపిక, అదీ రెండు నాజిళ్లది. వేసవిలో ఒక నాజిల్ మూసేస్తే మిగిలిన నీటితోనే చక్రం బాగా తిరుగుతుంది. అయిదు నుంచి పదిహేను మీటర్ల ఎత్తు, నీరు ధారాళంగా ఉన్నచోట క్రాస్‌ఫ్లో మంచిది. ఆకులూ ఇసుకా కొంత వచ్చినా తట్టుకుంటుంది, ఊరి వెల్డరే మరమ్మతు చేయగలడు. పాత సెంట్రిఫ్యూగల్ పంపును తిరగేసి వాడటం చవకే. కానీ ఏడాది పొడుగునా నీరు ఒకే తీరున ఉన్నచోటే అది పనికొస్తుంది, నీరు తగ్గితే చతికిలపడుతుంది.

చక్రం పెద్దదైతే కరెంటు ఎక్కువ వస్తుందని చెప్పేవాణ్ని నమ్మకండి. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి వచ్చే నీటితో పెల్టన్ జనరేటరుకు కావాల్సినట్టు నిమిషానికి 1500 చుట్లు తిరగాలంటే దాని వ్యాసం 12 సెంటీమీటర్ల లోపే ఉండాలి. పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, మధ్యలో బెల్టు పెట్టాలి, బెల్టుకు కొంత శక్తి పోతుంది.

జనరేటరు విషయంలో ఒక్కటే ప్రశ్న వేసుకోండి: దీపాలకా, మోటారుకా? దీపాలు, ఫ్యాన్లకైతే మామూలు త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారుకే కెపాసిటర్లు కట్టి జనరేటరుగా వాడవచ్చు. ధర తక్కువ, బ్రష్‌లు ఉండవు. దాన్ని 1500 కంటే కాస్త ఎక్కువగా, 1550 చుట్ల దగ్గర తిప్పాలి. మోటారు మీద రాసిన శక్తిలో ఎనభై శాతానికి మించి ఆశించకండి. కాఫీ పల్పర్ మోటారు నడపాలంటే మాత్రం ఇది కుదరదు. మోటారు మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది, వోల్టేజి కూలిపోతుంది. దానికి సింక్రోనస్ జనరేటరే కావాలి. లేదంటే పల్పర్‌ను టర్బైన్ ఇరుసుకే బెల్టుతో కట్టుకోండి.

ఏ జనరేటరైనా లోడ్ కంట్రోలర్ తప్పనిసరి. ఇంట్లో దీపాలు ఆర్పగానే మిగులు కరెంటును అది హీటరులోకి మళ్లిస్తుంది. అది లేకపోతే చక్రం దాదాపు రెట్టింపు వేగం అందుకుని టీవీ, బల్బులు మాడిపోతాయి. డీలర్లు బిల్లు తగ్గించి చూపడానికి ముందు తీసేసేది దీన్నే, దాని బదులు అక్కర్లేని బ్యాటరీలు అంటగడతారు. పగలూ రాత్రీ తిరిగే యంత్రానికి అన్ని బ్యాటరీలు ఎందుకు?

పైపు దగ్గర పిసినారితనం వద్దు. సెకనుకు అయిదు లీటర్లు 63 మిల్లీమీటర్ల పైపులో పంపితే ప్రతి వంద మీటర్లకు సుమారు ఏడు మీటర్ల ఎత్తు రాపిడికే పోతుంది. 110 పైపులో అర మీటరు కూడా పోదు.

కర్ణాటక మలెనాడు కాఫీ తోటల్లో వెలుగుతున్న చిన్న టర్బైన్ల ఫొటోలు డీలర్లు చూపిస్తారు. అవి నిజమే. కానీ అక్కడి వాన వేరు, వాగుల నిలకడ వేరు. మీ గెడ్డ కొలత లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. నీరు మళ్లించే చోటికీ టర్బైనుకూ మధ్య ఎవరి మడికైనా కాలువ ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి.

ఇక పంటలు: కాఫీలో కాయతొలుచు పురుగు 2025లో అరకులోనూ కనిపించింది. పండ్లన్నీ ఏరండి, రాలినవి వదలకండి, పుచ్చువాటిని మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచండి. తోటంతా మందు కొట్టమనే మాట వినకండి. వరిలో సుడిదోమకు సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే దోమ ఇంకా పెరుగుతుంది, ఎన్నిసార్లు చెప్పాలి? మిరియాల పాదుల్లో నీరు నిలవనీయకండి. వలిసెలు పూతలో ఉన్నాయి, ఏ మందూ కొట్టకండి, తేనెటీగలు చస్తాయి.