గీజర్ స్విచ్ ఎక్కడ?

ప్రశ్న: కొత్త ఇంటికి వైరింగ్ జరుగుతోంది. గీజర్ స్విచ్ బాత్‌రూమ్ లోపల పెట్టించాలా, బయటా?

జవాబు: బయటే, తలుపు పక్కన పెట్టించండి. తడి చేత్తో స్విచ్ ముట్టుకునే అవకాశమే ఉండకూడదు. లోపలైతే వేడినీళ్ల ఆవిరికి బోర్డు చెమ్మ పడుతుంది కూడా. మామూలు స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచే 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ అడగండి. ఎర్ర లైటు ఉన్నదైతే గీజర్ ఆన్‌లో ఉన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుస్తుంది. 3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి. ఎర్తింగ్ తప్పనిసరి. ఖర్చని చూసి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని మాత్రం దయచేసి మానేయకండి. షాక్ కొట్టినప్పుడు కరెంటును క్షణంలో ఆపి ప్రాణం కాపాడేది అదే.