డిస్కౌంటు కోసం ఐడీ తీసుకున్నారా?

తాండూరు, పరిగి, వికారాబాద్ వైపు నుంచి ఈ మధ్య వకీలునైన నా దగ్గరికి వస్తున్నవాళ్లలో చాలామందిది ఒకే కథ. మోకాళ్ల నొప్పులకని 'పెప్టైడ్ కాల్షియం' పొడి కొన్నారు. నొప్పి తగ్గలేదు, డబ్బులు వెనక్కి రాలేదు. అమ్మింది మెడికల్ షాపు కాదు. చుట్టాలు, పక్కింటివాళ్లు, మహిళా సంఘంలో తెలిసినవాళ్లు. కాగితాలు ముందు పెట్టమంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఒకే చిక్కు బయటపడుతోంది: డిస్కౌంటు వస్తుందని తమ పేరు మీద కంపెనీ ఐడీ తీసుకున్నారు.

ఈ ఐడీ సంగతి ముందే చెబుతున్నా, మధ్యలో మళ్లీ చెబుతా, విసుక్కోవద్దు.

తాజా కేసు తాండూరులోని ఒక కోడలిది. భర్త నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాడు. అత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఆడబిడ్డ ఒక పొడి తెచ్చి, "రేటు ఎక్కువనే గని, నీ పేరు మీద ఐడీ తీస్తే తక్కువకొస్తది" అంది. ఆధార్, పాన్ ఫొటోలు పంపించుకుంది, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుంది. కోడలు ఎక్కడా సంతకం పెట్టలేదు. కానీ ఆ ఓటీపీయే సంతకం. అంతటితో ఆమె ఒప్పందంలో కంపెనీ తరఫున సరుకు అమ్మే 'డైరెక్ట్ సెల్లర్' అయిపోయింది. ఆమె ఎవరికీ చెంచాడు పొడి కూడా అమ్మలేదు.

కంపెనీకి నోటీసు పంపాను. రెండు పేజీల జవాబు వచ్చింది. మీ క్లయింటు మా స్వతంత్ర డిస్ట్రిబ్యూటర్, వ్యాపారం కోసం సరుకు కొన్నది, వినియోగదారు కాదు, తగాదా ఉంటే మా ఊళ్లో ఆర్బిట్రేషన్‌కు రావాలి అని. బిల్లు తీసి చూస్తే, కొన్నవారి పేరు కింద డిస్ట్రిబ్యూటర్ నంబరు, దాని పక్కన కమిషన్ పాయింట్లు. "ఆ పాయింట్లేందమ్మా?" అంటే, "నాకేం తెలుసు సారూ, వదినెనే జూసుకుంటది" అంది. చదవని బిల్లు భద్రంగా దాచుకొచ్చేవాళ్లతో నాకు రోజూ ఇవే పాట్లు.

కంపెనీ పట్టుకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7)ని. తిరిగి అమ్మడానికో, వాణిజ్య అవసరానికో కొన్నవాళ్లు ఆ సెక్షన్ ప్రకారం వినియోగదారులు కారు. దీనికి మన దగ్గర జవాబు లేకపోలేదు. కొన్నదాని ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 2019లో లీలావతి ట్రస్టు కేసులో చెప్పింది. వాణిజ్యం కోసమే కొన్నారని రుజువు చేయాల్సిన బాధ్యత ఎదుటి పక్షానిదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో చెప్పింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే తేలింది. ఇవన్నీ చూపించి వాదిస్తాను. కానీ పొడి మంచిదా చెడ్డదా అన్న అసలు ప్రశ్నకు వచ్చేలోపు, మీరు వినియోగదారా కాదా అన్నదాని మీదే వాయిదాలు కరిగిపోతాయి. కాస్త డిస్కౌంటు కోసం కొనితెచ్చుకున్న తంటా ఇది. ఐడీ తీసుకోకండి.

ఇక డబ్బా సంగతి. చిన్న ప్రొటీన్ ముక్కలకు కాల్షియం జతచేసి ఈ పెప్టైడ్ కాల్షియం తయారుచేస్తారు. ఆ ముక్కలు పాల నుంచి రావచ్చు, చేపల నుంచో పశువుల నుంచో తీసిన కొల్లాజెన్ నుంచీ రావచ్చు. శాకాహారులు పచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవాలి. మామూలు గోలీ కన్నా ఇది ఒంటికి బాగా పడుతుందని అమ్మేవాళ్లు అంటారు. పట్టినా అది ఎముకకు పనికొచ్చే సరుకు. అరిగిపోయిన మోకాలి గుజ్జు కాల్షియంతో తిరిగి రాదు. పైగా ముందువైపు పెద్ద అక్షరాల్లో రాసిన మిల్లీగ్రాములు మొత్తం పదార్థానివి కావచ్చు, అసలు కాల్షియం అంతకన్నా తక్కువ. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతం, అంటే 1250 మిల్లీగ్రాముల గోలీలో 500. తాండూరు నాపరాయిలో ఉండేదీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే, ఆ దుమ్ములో రోజంతా పనిచేసే ఇంటివాళ్లకే కాల్షియం ఇంత ధరకు అమ్మారు! పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 364 ఉంటుంది.

డబ్బా వెనక 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంటుంది. హెల్త్ సప్లిమెంట్‌కు ఆ ముక్క తప్పనిసరి. ముందు నోటితో కీళ్లవాతం తగ్గుతుందని చెప్పి, వెనక మందు కాదని రాసుకుంటారు. ఆహార భద్రత చట్టం సెక్షన్ 53 కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు తుడిచేయకండి, ఆ ఫోను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి.

ఆహార భద్రత అధికారి ఒకరి దగ్గరికి డబ్బా పట్టుకుపోతే, సీల్ తీసింది మాకొద్దు అన్నారు. సీల్ తీయకుండా మోసం ఎట్లా తెలుస్తుందో ఆయనే చెప్పాలి. కొన్నవారే పరీక్ష చేయించుకోవచ్చని సెక్షన్ 40 అంటుంది, అయితే కొనేటప్పుడే అమ్మేవారికి ఆ మాట చెప్పాలట. ఆడబిడ్డ ముఖం మీద ఆ మాట అనగలిగే కోడలు ఏ ఇంట్లో ఉంది? ఇలాంటిచోట నేను కలెక్టర్‌కే ఫిర్యాదు రాస్తాను. పదిమందికి నష్టం చేసే తప్పుడు ప్రకటనల మీద జిల్లా కలెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చని వినియోగదారుల చట్టం సెక్షన్ 17 చెబుతోంది.

"వదినె మీద కేసెయ్య సారూ, ఇంట్ల మొఖాలు జూసుకోవాలె" అని ఆ కోడలు మొదటి రోజే చెప్పింది. వేయనక్కర్లేదు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం, తన సెల్లర్లు అమ్మిన సరుకు మీద వచ్చే ఫిర్యాదులకు కంపెనీదే బాధ్యత. తల్లి నొప్పి తగ్గుతుందని ఆ ఆడబిడ్డా నమ్మే తెచ్చింది. ఆమెనూ ఎవరో ఇట్లాగే చేర్పించారు.

గొలుసు అమ్మకాల గొడవ మనకు కొత్త కాదు. ఆమ్‌వే పథకం 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందన్న వాదనను 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించింది. హైదరాబాద్ పోలీసులు పెట్టిన కేసు ఆధారంగా 2022 ఏప్రిల్‌లో ఈడీ ఆ కంపెనీ ఆస్తులు 757 కోట్లకు పైగా జప్తు చేసింది. అంత పెద్ద కేసులు నడుస్తున్నా మన వీధిలో ఐడీలు తీసేవాళ్లు తీస్తూనే ఉన్నారు.

ఇప్పటికే ఐడీ ఉన్నవాళ్లు ఈ వారమే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఇంటి వాడకానికే కొన్నాను, ఎవరికీ అమ్మలేదు, ఎవరినీ చేర్పించలేదు, ఐడీ రద్దు చేయండి అని రాయండి. నిజమైతేనే రాయండి. పాయింట్ల కమిషన్ బ్యాంకులో పడి ఉంటే అది దాచకుండా ముందు మీ వకీలుకు చెప్పండి. ఖాళీ డబ్బా పారేయకండి. ఏ సాయం కావాలన్నా 1915కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. గడువు మాత్రం రెండేళ్లే.