కిరాయి ఇల్లు – షరతులు తెలుసుకోవడమూ ధర్మమే

నమాజు, రోజాల మస్అలాలు అడిగి తెలుసుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. కాని ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు షరీఅత్ ఏమంటుందో అడిగేవారు అరుదు. 2016లో మహబూబాబాద్ జిల్లా కేంద్రమైంది. ఇలాంటి పట్టణాలలో ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం కిరాయి ఇళ్లలో ఉండేవారు ఎక్కువ. నోటిమాట మీద ఇల్లు తీసుకుని, ఖాళీ చేసేనాడు అడ్వాన్సు కోసం తగాదాపడి, చివరకు సలాము చెప్పుకోవడం కూడా మానేసినవారిని చూస్తున్నాము.

ఇజారా అంటే?

నిర్ణీత ప్రతిఫలానికి, నిర్ణీత గడువుకు ఒక వస్తువు ప్రయోజనాన్ని అప్పగించడమే ఇజారా. ఏ ఇల్లు, ఎంతకాలం, ఎంత కిరాయి అనే మూడు విషయాలూ ఇరువురికీ స్పష్టంగా తెలియాలి. హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి ఒక ముస్లిమేతరుణ్ణి కూలికి కుదుర్చుకున్నారు. మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు ఒంటెలు తీసుకురావాలని ముందే నిర్ణయించారు. ప్రాణాపాయంలో సైతం పని, చోటు, సమయం అస్పష్టంగా వదలలేదు!

అడ్వాన్సు ఎవరి సొమ్ము?

అది కిరాయిదారు సొమ్మే. యజమాని దాన్ని వాడుకుంటే అది అతనిపై అప్పు. అప్పు వ్యవహారాలను రాసుకోవాలని ఖుర్ఆన్ (అల్ బఖర: 282) ఆదేశిస్తోంది. ఇల్లు కిరాయిదారు చేతిలో అమానతు. మామూలు వాడకంలో సున్నం వెలిస్తే అతను బాధ్యుడు కాడు. నిర్లక్ష్యంతో తలుపు విరిస్తే బాధ్యుడే. కనుక ఏ ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చో ముందే రాసుకోవాలి.

కొందరు లక్షలు చేతికిచ్చి, కిరాయి లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం తిరిగి తీసుకుంటారు. అప్పు ఇచ్చి దానిపై లాభం పొందడమే ఇది. అందుకే ఉలమాలు దీనిని వడ్డీగా పరిగణించి వారించారు.

కాగితం, నోటీసు

కిరాయి, చెల్లించే తేదీ, ఏటా పెంపు, మరమ్మతుల బాధ్యత, ఖాళీ చేసే నోటీసు కాగితంపై ఉండాలి. వేరే ఒప్పందం లేకుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ కిరాయి ఇంటికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఏడాది మించిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. 11 నెలల కాగితాలు వాడుకలోకి వచ్చింది ఇందువల్లనే. చెల్లించిన ప్రతిసారీ రశీదు అడగండి. అది అనుమానం కాదు, జాగ్రత్త.

కరెంటు బిల్లు

ఒకే మీటరుపై రెండు కుటుంబాలుంటే యూనిట్లు పెరిగి, స్లాబు మారి, ధర కూడా పెరుగుతుంది. వేరు మీటరు ఉందో లేదో ముందే చూడాలి. గృహజ్యోతి పథకం క్రింద 2024 మార్చి నుండి, 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన తెల్లకార్డుదారులకు సున్నా బిల్లు వస్తోంది. కిరాయిదారులకూ ఇది వర్తిస్తుంది. సున్నా బిల్లు చేతికి వచ్చాక కూడా కిరాయిదారు వద్ద కరెంటు డబ్బు వసూలు చేస్తే, అది పరుల సొమ్మును అన్యాయంగా తినడమే. దానిని ఖుర్ఆన్ (అన్నిసా: 29) నిషేధించింది.

ప్రాణ రక్షణ

2024 సెప్టెంబరు 1 నాటి వరదలో మన జిల్లాలోని కేసముద్రం వద్ద రైలు పట్టాల క్రింది కట్టే కొట్టుకుపోయింది. కనుక వానాకాలంలో నీళ్లు ఎంతవరకు వస్తాయో ఇరుగుపొరుగును అడిగిన తర్వాతే ఇల్లు ఖాయం చేసుకోండి. తడిసిన గోడలోని కరెంటు తీగ, ఎర్తింగు లేని బోరు మోటారు, పగిలిన గ్యాసు పైపు ప్రాణాంతకాలు. లోపం తెలిసి దాచిన యజమాని, చూసి కూడా చెప్పని కిరాయిదారు ఇద్దరూ జవాబుదారులే. ఒకరికి హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదన్నది ప్రవక్త (స) బోధన.

సోదరులారా! ఒప్పందాన్ని నెరవేర్చడం కూడా ఇబాదత్ వంటిదే. వ్యవహారాలలో స్వచ్ఛతను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.