మోటారు శ్రుతిలో కొల్లేరు

కొల్లేరు మీద ఒక ధ్వని రచన చేద్దామనుకోగానే చాలామందికి ముందు తట్టేది మోటార్ల మోత తీసేయడం. పక్షి కూత, నీటి గలగల ఉంచి మిగతాదంతా చెరిపేస్తే వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల వాళ్లకు అది తమ ఊరి చప్పుడులా అనిపించదు. అక్కడి రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటాయి. ఆ మోతలోనే పిల్లలు నిద్రపోతారు, కాపలా మనిషి మేలుకుంటాడు. దాన్ని చెరిపేస్తే మిగిలేది సగం కొల్లేరే. అందుకే ఈ రచనలో మోటారునే శ్రుతిపెట్టె చేసుకుందాం. నిడివి ఇరవై నిమిషాలు. కావలసినవి బయట పట్టుకొచ్చిన ధ్వనులు, ఒక కంప్యూటర్, ఒక వయొలిన్, మూడు గొంతులు.

1. ముందు నడక తేల్చుకోండి

పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని నాచు, మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది. రొయ్యలు, చేపలు, ఆ మొక్కలు కూడా ఉన్నదాన్ని వాడేసుకుంటూ పోతాయి. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. వెనామీ రొయ్య వేసిన రైతు రాత్రిపూట ఏరేటర్లు తిప్పేది అందుకే. పగలు మొక్కలు, రాత్రి మోటార్లు నీటికి ఊపిరి పోస్తున్నాయన్నమాట. మన రచన నడక కూడా ఇదే. మొదటి సగం పగలు, రెండో సగం రాత్రి, చివర్లో తెల్లవారడం.

2. అనుమతులు తీసుకోండి

1999లో కొల్లేటిని +5 అడుగుల కాంటూరు (ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. లోపల మైకులు పెట్టాలంటే ముందు అటవీ శాఖను అడగాలి, చెరువు గట్టు ఎక్కాలంటే రైతును అడగాలి. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి. పెద్ద గూడబాతు అంతగా నోరు విప్పదు, గోలంతా పిల్లలదే. అందుకని పిల్లలున్న రోజులు చూసుకుని వెళ్లండి. దూరం పాటించండి. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను దగ్గరకు రప్పించే పని మాత్రం ఎన్నడూ చేయొద్దు.

3. ధ్వనులు పట్టండి

చేతిలో ఇమిడే రికార్డర్ చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోండి. అతి పెద్ద చప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ సరిచేయండి. కొల్లేటి గాలికి మైకు మీద బొచ్చు తొడుగు లేకపోతే ఏదీ పనికిరాదు. ప్రతి చోటా కనీసం ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా పట్టండి.

నీటిలో వేసే మైకు, హైడ్రోఫోన్, ఒకటి సంపాదిస్తే మధ్యాహ్నం ఎండలో మొక్కలున్న చోట దించండి. టిక్కు టిక్కుమని చిన్న చిన్న చప్పుళ్లు, వాటి మధ్య సన్నని కీచు వినిపిస్తాయి. టిక్కుల్లో చాలావరకు ఆకుల నుంచి విడివడే ఆక్సిజన్ బుడగలవి, కీచు నీటి పురుగులది. మన రచనకు పగటి భాగం ఇదే.

రాత్రి చెరువు గట్టు మీదికి రండి. ఏరేటర్‌కు దగ్గరగా ఒక టేకు (ఒక విడత రికార్డింగు), గట్టు చివర నుంచి ఒకటి, గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా నిలబడి ఒకటి పట్టండి. వైర్ల జోలికి, తడిసిన మోటారు జోలికి వెళ్లొద్దు. దగ్గర టేకులో రెక్కలు నీటిని కొట్టే దెబ్బ వస్తుంది. దూరం టేకులో ఆ దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే హోరు అవుతాయి. రెండూ కావాలి.

చివరిగా తాడేపల్లిగూడెం, ఏలూరు మధ్య హౌరా–చెన్నై లైను పక్కన నిలబడి ఒక గూడ్సు బండిని మొదటి నుంచి చివరి దాకా పట్టండి. 1948లో పారిస్‌లో పియర్ షాఫర్ రైళ్ల చప్పుళ్లతోనే ఒక రచన కట్టి, రికార్డు చేసిన ధ్వనితో సంగీతం చేసే దారి తెరిచాడు.

4. శ్రుతి కొలవండి

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనేది దానికి రెట్టింపులో, 100 హెర్ట్జ్ దగ్గర. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ గీయించి చూస్తే అక్కడ నిటారుగా ఒక గీత లేస్తుంది. జనరేటర్ మీద నడుస్తుంటే లెక్క మారుతుంది కాబట్టి తప్పకుండా కొలవండి. గాలి హోరు తగ్గించే ఫిల్టర్‌ను 40 హెర్ట్జ్ దగ్గరే ఆపండి. అలవాటుగా 120 దాకా కోసేస్తే శ్రుతే పోతుంది.

100కు పై స్థాయి 200. అది ఐదు శ్రుతికి, అంటే 196కు, కొంచెం పైన. ఆడ గొంతులకు అనువైన శ్రుతే.

5. తీగలు కలపండి

వయొలిన్ నాలుగు తీగలను 200, 300, 400, 600 హెర్ట్జ్‌కు కలపండి. స–ప–స–ప కుదురుతుంది. మామూలు శ్రుతిపెట్టె కట్టేసి, చెవుల్లో చెరువు మోతే పెట్టుకుని వాయించండి. కమాను మెల్లగా, పొడుగ్గా నడవాలి. తీగ పావు వాసి తప్పినా మోటారుకూ దానికీ మధ్య ఒక అల లేస్తుంది. తీగ శ్రుతికి చేరేకొద్దీ ఆ అల నెమ్మదించి ఆగిపోతుంది. ఆ చేరికను కోసేయకుండా మొత్తం రికార్డు చేయండి, రాత్రి భాగానికి అదే ప్రాణం.

చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’లో వీణ మీదే కోయిలను పలికించారు. మన దగ్గర పక్షి స్వయంగా ఉంది కనుక తీగ దాన్ని అనుకరించనక్కర్లేదు, కింద ఆధారంగా నిలబడితే చాలు.

6. గొంతులు చుట్టండి

కొల్లేటి లంక గ్రామాల స్త్రీలు ముగ్గురిని అడిగి, ఒక్కొక్కరి చేత ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు ‘ఆ’కారంలో పాడించండి. స, ప, పై స. ఊపిరి తీసుకునే చప్పుడు తీసేయకండి. ఎక్కడ వాడతారో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, శ్రమకు డబ్బివ్వండి, పేర్లు వేయమంటే వేయండి.

ఇప్పుడు మూడు గొంతులనూ 19, 23, 29 సెకన్ల లూపులుగా చేయండి. మూడూ ఒకేసారి మొదలైతే మళ్లీ మొదటి చోటే కలవడానికి 12,673 సెకన్లు, మూడున్నర గంటలు పడుతుంది. మన ఇరవై నిమిషాల్లో ఒకే కలయిక రెండుసార్లు రాదు. బ్రయన్ ఈనో 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో గొంతులను ఇలాగే పొడవులు వేరైన టేపు లూపుల మీద నడిపించాడు.

7. ఎలక్ట్రానిక్స్ తక్కువగా వాడండి

బుడగల టేకు ఒకదాన్ని ఆడాసిటీలోని పాల్‌స్ట్రెచ్‌తో ఎనిమిది రెట్లు సాగదీయండి. టిక్కులు కరిగి మెరిసే పొరలా మారతాయి. గూడబాతు పిల్లల అరుపుల మీద మాత్రం ఏ ఎఫెక్టూ వేయొద్దు, వాటిని ఉన్నవున్నట్టే వినాలి. ప్రతిధ్వని కొల్లేటి చాంతాడులా సాగితే అన్నీ ఒకే ముద్దవుతాయి. నాలుగైదు సెకన్లు చాలు.

8. మిక్సింగ్

మొదట బుడగలు, తర్వాత పక్షులు, ఎనిమిదో నిమిషం నుంచి మోటారు వినీ వినబడనట్టు రావాలి. పదకొండో నిమిషంలో గూడ్సు బండి. అది వెళ్లిపోయాకే శ్రుతి ఎప్పుడో నిలబడిందని చెవికి తెలుస్తుంది. అక్కడ వయొలిన్, ఆపైన గొంతులు.

మోటారును ఒక్కసారిగా ఆపొద్దు. బయటివాళ్లకు అది ప్రశాంతత. చెరువు రైతుకు మాత్రం కరెంటు పోయిందని, సరుకు పోతుందని గుండె జారే క్షణం. తెల్లవారే భాగంలో బుడగలను కింద నుంచి తిరిగి తెచ్చి, అవి నిలదొక్కుకున్నాకే మోటారును నిమిషన్నరలో మెల్లగా తగ్గించండి.

9. లెక్క రాసిపెట్టండి, ఊళ్లో వినిపించండి

ప్రతి ఫైలుకూ తేదీ, గంట, చోటు, నీటి మట్టం, నడుస్తున్న ఏరేటర్ల సంఖ్య రాయండి. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో సుమారు 3,000 గూడబాతుల గూళ్ల కాలనీని గుర్తించి నమోదు చేశారు. 1970ల మధ్యకు ఆ కాలనీ లేకుండా పోయింది. ఆయన రాసిపెట్టారు కనుకే ఏం పోయిందో మనం చెప్పగలుగుతున్నాం. ధ్వనికీ అలాంటి చిట్టా ఉండాలి.

పూర్తయ్యాక మొదటి వినికిడి ఏలూరు హాల్లో పెట్టకండి. రికార్డు చేసిన గట్టు ఉన్న ఊళ్లోనే, మంచి స్పీకర్ల మీద, ఆ రైతు ముందు, పాడిన ఆ ముగ్గురు స్త్రీల ముందు వినిపించండి. మోటారు తగ్గేచోట రైతు కంగారుపడితే మిక్సింగ్ మళ్లీ చేయండి. ఇంట్లో తెల్లవారినట్టే ఉందని ఆయన అంటే ఆ తర్వాత ఎక్కడికైనా పంపండి.