పెద్ద వయసులో సైకిల్ మీద దూర ప్రయాణం – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

ఒకప్పుడు మన ఊళ్ళలో బడిపంతులుకు, పోస్ట్‌మ్యాన్‌కు, సంఘ ఉపదేశికి సైకిలే వాహనం. ఇప్పుడు ఉద్యోగ విరమణ తరువాత మళ్ళీ సైకిల్ ఎక్కుతున్న పెద్దలు ఉన్నారు. వీధి చివరి దాకా వెళ్ళి రావడంతో తృప్తి పడక, ఒకే రోజులో 100 కిలోమీటర్లు తొక్కాలని కొందరికి ఆశ. "ఆయనకు 62 ఏళ్ళు, బి.పి. మాత్రలు వాడుతున్నారు. ఒప్పుకోవచ్చా?" అని ఇంటివారు అడగడం సహజం. చాలామంది విషయంలో ఒప్పుకోవచ్చు. అయితే మూడు షరతులు: ముందుగా వైద్య పరీక్ష, నాలుగు నెలల సాధన, ఇంటివారి తోడ్పాటు.

వయసు మీరాక శరీరం అలవాటు పడుతుందా?

పడుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు రోబేర్ మర్షాన్ 1911లో జన్మించారు. 2012లో నూరేళ్ళ వయసులో ఒక గంటలో 24.25 కి.మీ. తొక్కారు. 2014లో అదే గంటలో 26.927 కి.మీ. తొక్కారు. ఈ మధ్యకాలంలో ఆయనను పరీక్షించిన శాస్త్రవేత్తలు, శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి సుమారు 13 శాతం పెరిగిందని గుర్తించారు. ఆయన సాధనలో 80 శాతం తేలికగా తొక్కడమే. కష్టపడి తొక్కింది 20 శాతం మాత్రమే. అందరూ ఆయనలా తొక్కలేరు గాని, ఈ పద్ధతి అందరికీ పాఠమే.

అయితే వయసుతో కొన్ని మార్పులు తప్పవు. గుండె అందుకోగల గరిష్ఠ వేగం తగ్గుతుంది. అలసిన కండరాలు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. దాహం ఆలస్యంగా తెలుస్తుంది.

ముందుగా పరీక్ష

బి.పి., షుగరు, ఇ.సి.జి. చూపించుకోవాలి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, గుండెపోటు, స్టెంటు, బైపాస్, పక్షవాతం వంటివి ఎప్పుడైనా ఉంటే వైద్యుని అనుమతి లేకుండా సాధన మొదలుపెట్టకూడదు. వాడే మందుల చీటీ తప్పక వెంట తీసుకెళ్ళండి. ఎందుకంటే:

- అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారికి కష్టపడినా నాడి అంతగా పెరగదు. నాడిని బట్టి శ్రమను లెక్కించకూడదు.
- ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి దారిలో షుగరు పడిపోవచ్చు.
- మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఎండలో నీరు, లవణాలు త్వరగా తగ్గుతాయి.
- రక్తం పలుచబడే మందులు వాడేవారు కింద పడితే, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకురావాలి.

ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.

16 వారాల సాధన

మన ఎండలకు అక్టోబరులో మొదలుపెట్టి జనవరి చివర ప్రయాణం పెట్టుకోవడం మంచిది. చాలాకాలంగా సైకిల్ ముట్టనివారు అంతకుముందు ఒక నెల రోజూ అరగంట చదునైన దారిలో తొక్కి అలవాటు పడాలి. తరువాత వారానికి మూడు రోజులు చాలు: రెండు రోజులు 10 నుండి 15 కి.మీ., ఒక రోజు దూర సవారీ. ఆ దూర సవారీ ఇలా పెరగాలి:

1–4 వారాలు: 15, 18, 22, 15 కి.మీ.
5–8 వారాలు: 25, 30, 35, 25 కి.మీ.
9–12 వారాలు: 42, 50, 58, 40 కి.మీ.
13–15 వారాలు: 65, 75, 40 కి.మీ.
16వ వారం: 100 కి.మీ.

4, 8, 12, 15 వారాల్లో దూరం తగ్గడం గమనించండి. శరీరం బలపడేది విశ్రాంతి సమయంలోనే. దేవుడు ఆరు దినాల పని తరువాత విశ్రాంతి దినాన్ని ఏర్పరచాడు గదా! 75 కి.మీ. హాయిగా తొక్కగలిగినవారు మధ్యలో ఆగుతూ 100 పూర్తి చేయగలరు.

వేగానికి కొలత మాటే. తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ సరిపోయినట్టు. ఒక్కో మాటకు ఆయాసపడుతుంటే నెమ్మదించాలి. సైకిల్ తొక్కడం వల్ల ఎముకలపై శరీర భారం పడదు. కనుక రోజూ కొంత నడక, వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చునే వ్యాయామం కూడా అవసరం.

సైకిల్ అమరిక

సీటు మీద కూర్చుని మడమను కిందికి దిగిన పెడల్‌పై ఉంచితే కాలు తిన్నగా రావాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందుభాగం నొప్పి పుడుతుంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కితే హ్యాండిల్ ఎత్తు సరిచేయించాలి. హెల్మెట్, వెనుక ఎర్ర లైటు, ముందు లైటు, మంచి బ్రేకులు తప్పనిసరి.

ఆహారం, నీళ్ళు

బయలుదేరే ముందు ఇడ్లీ లేదా రాగి జావ వంటి తేలిక ఆహారం చాలు. మొదటి గంట దాటాక ప్రతి గంటకూ అరటిపండో, చిక్కీయో తినాలి. దాహం కోసం చూడకుండా పావుగంటకోసారి రెండు మూడు గుక్కల నీళ్ళు తాగాలి. ఎండలో ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు నీళ్ళు, ఉప్పు ఎంత తీసుకోవాలో వైద్యుని అడగాలి. షుగరు ఉన్నవారు బయలుదేరే ముందు పరీక్ష చేసుకొని, జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి.

వెంటనే ఆగవలసిన సూచనలు

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, అసాధారణ ఆయాసం, కళ్ళు తిరగడం, గుండెదడ, చల్లని చెమట – వీటిలో ఏది కనిపించినా దిగి కూర్చుని 108కి ఫోను చేయాలి. ఎండలో తడబడి మాట్లాడుతుంటే నీడలోకి చేర్చి, ఒంటిని నీళ్ళతో తడుపుతూ 108ని పిలవాలి. షుగరు పడిపోయి వణుకు, చెమట, అయోమయం కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు.

ఇంటివారి పాత్ర

ఇది అన్నిటికంటే ముఖ్యం. "ఈ వయసులో ఇదేం పిచ్చి?" అని రోజూ దెప్పుతుంటే పెద్దవారు ఒకటి నేర్చుకుంటారు – నొప్పి వస్తే ఇంట్లో చెప్పకూడదని. చెబితే సైకిల్‌కు తాళం వేస్తారని భయం. అలా దాచిన ఛాతీ నొప్పి ప్రాణాల మీదికి వస్తుంది. "మా నాన్నగారు 100 కిలోమీటర్లు తొక్కుతారు" అని నలుగురిలో గొప్పగా చెప్పుకోవడమూ అంతే. మాట పోతుందని ఆయన నొప్పిని ఓర్చుకొని తొక్కుతారు. కనుక మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకోండి: "ఏ నొప్పి ఉన్నా చెప్పండి నాన్నా, కోప్పడం. డాక్టరు గారు చెప్పినట్టే నడుచుకుందాం."

ఉదయం లేవగానే నాడి చూసి క్యాలెండరు మీద రాయండి. రెండు రోజులు వరుసగా మామూలుకంటే పది దాకా ఎక్కువ ఉంటే, నిద్ర పట్టకపోతే, ఆ వారం విశ్రాంతి. పేరు, మందులు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఆయన జేబులో ఉండాలి.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో మన దేహాన్ని ఆలయంతో పోల్చాడు. ఆలయాన్ని పాడుపెట్టకూడదు, అరగదీయకూడదు. 70 కిలోమీటర్ల దగ్గర "ఇక చాలు" అని దిగి ఇంటికి వచ్చిన తండ్రిని, 100 పూర్తి చేసి వచ్చినంత సంతోషంగా ఎదుర్కోండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన పెద్దవారు వాడే మందుల పేర్లు, వేళలు ఇంట్లో ఎవరెవరికి తెలుసు?
2. నొప్పి వస్తే భయం లేకుండా మనతో చెప్పగల చనువు వారికి ఉందా?
3. ప్రయాణం రోజున వెంట ఎవరు ఉంటారు? ఫోనుకు ఎవరు పలుకుతారు?